లేడీ కిరోసిన్ తిట్టు

రేడియోలో ఆ పిల్ల ఆ మాట అన్నప్పుడు వెర్లిన్ చేతిలో వేడి జిగురు గన్ ఉంది. రాయి మీద పడాల్సిన బొట్టు వేలి మీద పడింది.

"ఈ ఏడు ఎక్కడ విన్నా నీ 'గేటు తియ్' పాటే కదా డెజా! ఇంతకీ మొదట పాడిందెవరు?" అని అడిగాడు రేడియోవాడు.

"ఎవరో... తెలీదు. పాతకాలం పాట కదా, అందరిదీనూ," అంది డెజా. అని, నవ్వింది కూడా. ఆ నవ్వు ఆగకముందే పాట అందుకుంది.

పాతకాలమట! వెర్లిన్ ఒలివియెర్ నిక్షేపంలా బతికే ఉంది. ఆ రేడియో స్టేషన్‌కి నాలుగు వీధుల అవతల, కార్నివాల్ దుస్తులు తయారు చేసే రేకుల షెడ్డులో కూర్చుని, ఎవరో బ్యాంకు ఉద్యోగిని కార్నివాల్ సోమవారం నాడు వేసుకుని ఊరేగబోయే రొమ్ముకట్టుకు ఎర్రరాళ్లు అంటిస్తోంది. ఒకప్పుడు వేదిక మీద ఆవిడ పేరు లేడీ కిరోసిన్. ఈ పాట కట్టిన ఏడాది కార్నివాల్ రెండు రోజులూ పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ఏ పాటల లారీ మీంచి విన్నా ఆవిడ గొంతే. 'గేటు తియ్యవోయ్ గేటు తియ్, వీధంతా మాదివాళ' అని ఆవిడ ఒక్క కేక వేస్తే పోలీసులు కూడా లాఠీలు చంకన పెట్టుకుని గెంతారు. ఇప్పుడు అదే పాటను, అదే కేకను, ఇంకో గొంతు ఆమె నెత్తి మీద ఉన్న స్పీకరులోంచి వేస్తోంది. కాలిన వేలిని నోట్లో పెట్టుకుంది వెర్లిన్.

ఎదురుగా ఈకలు దువ్వుతున్న ఉర్సులా తల ఎత్తింది. ఇద్దరూ ఆ షెడ్డులో ఒకే బల్ల మీద పని చేస్తారు.

"విన్నావటే?"

"చెవులు తెగిపోలేదుగా."

"ఎవరో తెలీదంట."

"నీ ఈకలు చూసుకో ఉర్సులా. నీలం పక్కన మళ్లీ నీలమే పెట్టావు."

షెడ్డు యజమాని క్వామినా లోపలి గదిలోంచి వచ్చి రేడియో చప్పుడు పెంచాడు. "మన డెజా! ఈసారి మన గుంపుకి ముందు నడిచేది ఆ అమ్మాయే. రేపు కొలతకి వస్తోంది, అందరూ కాస్త నవ్వు మొహాలు పెట్టండి," అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. తోలు మందం మనిషి, అంతే. లేడీ కిరోసిన్ పోస్టరు ఒకటి అతని గదిలో, తలుపు వెనకాల, ఇప్పటికీ వేలాడుతోంది. దాని మీద గొడుగు తగిలిస్తాడు.

మర్నాడు డెజా వచ్చింది. ఫోన్లు పట్టుకుని వీడియో తీసేవాళ్లు ఇద్దరు వెనకే వచ్చారు. స్టూలెక్కి చేతులు చాచి నిలబడితే, నడుముపట్టీ బిగించే పని వెర్లిన్ మీద పడింది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని, మోకాళ్ల మీద ఆ స్టూలు చుట్టూ జరుగుతూ, పట్టీ ఎక్కడెక్కడ వదులుందో అక్కడ సూది గుచ్చుతోంది. నేల మీద రాలిన జిగురు పెచ్చులు మోకాళ్లకు గుచ్చుకుంటున్నాయి. తన పాట పాడేదాని చుట్టూ తను మోకాళ్ల మీద తిరగడం! వెర్లిన్‌కు ఒళ్లు మండిపోయింది.

"ఆంటీ, రాళ్లు కాస్త గట్టిగా అంటించండి. పోయినేడు రోడ్డు మీద సగం రాలిపోయాయి," అంది డెజా.

వెర్లిన్ సూదులు అరచేతిలోకి ఊసింది.

"రాలితే ఏముందమ్మా. ఎవరో ఒకరు ఏరుకుంటారు. ఎవరివి అని అడిగితే, తెలీదు, పాతకాలం రాళ్లు కదా, అందరివీనూ అంటారు."

ఉర్సులాకు ఉన్నట్టుండి దగ్గొచ్చింది. వీడియోవాళ్లు ఫోన్లు దించారు. డెజా మాత్రం గలగలా నవ్వింది.

"అయ్యో, రేడియో విన్నారా? ఏదో నోటికొచ్చింది అనేశాను. మా అమ్మకి మీరంటే ఎంత పిచ్చో తెలుసా! కావాలంటే నా షోకి రండి ఆంటీ, నేను గేటు తియ్ పాడేటప్పుడు వెనకాల నిలబడి జెండా ఊపుదురుగాని. జనం సరదాపడతారు."

"జెండా."

"పెద్దదే ఇస్తాం లెండి."

వెర్లిన్ పట్టీని ఒక్క గుంజు గుంజింది. డెజా కాస్త తూలి, సర్దుకుంది.

"శనివారం పాటల పోటీ సెమీఫైనల్లో నా మీద పాట పాడుతున్నారంటగా?"

"పాడుతున్నా."

"పేరు పెట్టే? డెజా అని?"

"పెట్టే. ఒక్కసారి కాదు, ప్రతి చరణంలోనూ."

"అబ్బ!" అంది డెజా. కళ్లు తళుక్కుమన్నాయి. వెర్లిన్ ఆ తళుకుని భయమనుకుంది. ఎన్నేళ్ల తర్వాతో ఆవిడకు కడుపులో చల్లగా అనిపించింది.

ఆ పిల్ల కారెక్కాక ఉర్సులా పెదవి విరిచింది. "ఏమో, నాకైతే అది భయంలా లేదు."

"నడుము పట్టుకుంది నువ్వా నేనా? వణికిందే అది!"

"గుండుసూది గుచ్చుకుని ఉంటుంది."

శనివారం మధ్యాహ్నం సాన్ ఫెర్నాండో మైదానం జనంతో కిటకిటలాడింది. కాలిప్సో పాటల పోటీకి ఆ మైదానానికి వచ్చేవాళ్లు ఐస్‌పెట్టె తెస్తారు, కోడిమాంసం వేసి వండిన అన్నం తెస్తారు, గొడుగు తెస్తారు, ఒక టాయిలెట్ పేపర్ చుట్ట తెస్తారు. తిండి తమకోసం, చుట్ట పాటగాళ్లకోసం. పాట నచ్చకపోతే అరవరు, లేచి పోరు. చుట్ట విప్పి, తెల్లటి తోకలు గాల్లోకి ఎత్తి ఊపుతారు. ఎంత పెద్ద పాటగాడైనా ఆ తోకలు చూస్తే గొంతు ఆరిపోవాల్సిందే. ఏడేళ్ల కిందట వెర్లిన్ ఇదే వేదిక మీద రెండో చరణంలో మైకు వదిలేసి పారిపోయింది. ఆ తర్వాత ఆవిడను ఎవరూ ఎక్కడికీ పిలవలేదు. జనానికి పాట నచ్చకపోవడం వేరు, పాడే మనిషి మధ్యలో పారిపోవడం వేరు. మొదటిదాన్ని మర్చిపోతారు.

ఈసారి ఆవిడకు ఫైనల్ మీద కూడా పెద్ద ఆశ లేదు. పాట చివరిదాకా పాడి, తన కాళ్ల మీద తను నడుచుకుంటూ దిగాలి. ఆ డెజా తల దించుకోవాలి. ఈ రెండూ జరిగితే చాలు.

వేదిక పక్కన బూన్ నిలబడ్డాడు. టెంట్ నడిపేది అతనే. టెంట్ అని పేరేగానీ పైకప్పున్న హాలే. కార్నివాల్ ముందు రోజూ సాయంత్రం అక్కడ కాలిప్సోలు పాడతారు. ఈ ఏడు వెర్లిన్ కాళ్లావేళ్లా పడితే మొట్టమొదటి పాటకు పెట్టాడు, జనం ఇంకా కుర్చీలు వెతుక్కుంటూ ఉండగా పాడే పాటకు. అయినా జడ్జీలు ఆమెను సెమీస్‌కు తీసుకున్నారని అతనికి కడుపుమంట.

"అదుగో, మెట్లు ఇటు ఉన్నాయి. పారిపోయేటప్పుడు అటు దూకకు, అటంతా బురద," అన్నాడు.

"బురద నీ నోట్లోనే ఉందనుకున్నా, బయట కూడానా?" అని వెర్లిన్ వేదికెక్కింది.

ఆవిడ నోరు తెరవకముందే పది పదిహేను తోకలు లేచాయి. జ్ఞాపకశక్తి ఉన్న జనం. బ్యాండు అందుకుంది, ఆవిడ పాడింది.

తాళం నాది, తలుపు నాది, గేటు నేనే కట్టాను,
డెజా వచ్చి రంగు వేసి ఇల్లు నాదే అంటోంది...

నవ్వారు. నిజంగానే నవ్వారు. తోకలు ఒకటొకటే దిగాయి. వెర్లిన్ గొంతు ఎక్కడినుంచో పాత బలం తెచ్చుకుంది. రెండో చరణంలో ఇంకా పచ్చిగా, ఇంకా సూటిగా డెజా పేరెత్తింది.

అప్పుడు ప్రేక్షకుల స్టాండులో డెజా కుర్చీ ఎక్కి నిలబడింది. వెండి రంగు గౌను. రెండు చేతులూ పైకెత్తి, నేనే, నేనే అన్నట్టు గుండె మీద కొట్టుకుని, వెర్లిన్ వైపు ముద్దులు విసిరింది. మైదానం మొత్తం అటు తిరిగింది. ఫోన్లన్నీ అటే లేచాయి. వెర్లిన్ మూడో చరణంలో దొంగ అంటే హుర్రే అన్నారు, సిగ్గులేనిది అంటే ఈలలు వేశారు. ఆ ఈలలన్నీ డెజాకే. వేదిక మీద పాడే మనిషికి జనం వీపులు కనిపించాయి.

వెర్లిన్‌కు అప్పుడు వెలిగింది. ఈ గడ్డ మీద పాటలో తిట్టించుకోవడం కంటే గొప్ప ఏముంది? మంత్రులు తమను ఎవరూ తిట్టలేదని అలిగి కూర్చునే దేశం ఇది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తెలిసిన సంగతి, కోపంలో మర్చిపోయింది. స్టూలు మీద ఆ పిల్ల కళ్లు తళుక్కుమన్నది అందుకు! ప్రతి చరణంలోనూ పేరు పెట్టి, తన నోటితో తనే దాని నెత్తిన కిరీటం పెట్టింది.

జనం మళ్లీ ఇటు తిరిగారు. పాడుతున్నది వెర్లిన్ అని గుర్తొచ్చింది కాబోలు. తెల్లతోకలు లేచాయి, ఈసారి వందల్లో. గాలికి ఒక ముక్క తెగి వచ్చి ఆవిడ చెప్పుకు చుట్టుకుంది. ఆమె ఒక్క అడుగు వెనక్కి వేసింది. ఇంకో అడుగు వేసింది. వేదిక పక్కన బూన్ టోపీ తీసి, పెళ్లిలో అతిథిని ఆహ్వానించినట్టు వంగి, మెట్లు చూపించాడు.

అతను ఆ పని చెయ్యకపోతే ఆమె దిగిపోయేదే.

వెర్లిన్ ఆగింది. చెప్పుకు చుట్టుకున్న కాగితం పీకి పారేసింది. బ్యాండు వైపు చెయ్యెత్తి పాట ఆపించి, అరచేయి కిందికి తిప్పింది. ఆ సైగ అర్థం కాని బ్యాండు ఆ దీవిలో లేదు. తిట్టుపద్యాల పాత బాణీ, అప్పటికప్పుడు కట్టి ఒకరినొకరు దులిపేసుకునే బాణీ, నెమ్మదిగా మొదలైంది. ఆవిడ వేదిక అంచుకు వచ్చి, అందరికంటే పెద్ద తోక ఊపుతున్న గులాబీ టోపీ ఆవిడకు వేలు చూపించింది.

గులాబీ టోపీ అక్కయ్యా, కాస్త ఇటు చూడమ్మా,
ఏడుగురున్న ఇంట్లో నీకు చుట్ట ఒక్కటేనమ్మా,
ఉన్నదంతా నా మీదే ఊపి ఊపి చింపావు,
రేపు పొద్దున అరటాకుకి ఎవరి పెరటికెళ్తావు?
దయ లేదు, దాక్షిణ్యం లేదు!

గులాబీ టోపీ చుట్టూ ఉన్నవాళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు పడ్డారు. వెర్లిన్ ఆగలేదు. మీసానికి రంగేసుకుని జుట్టుకు వెయ్యడం మర్చిపోయినవాణ్ని పట్టుకుంది. భార్య పక్కన కూర్చుని ఎదురువరుస వైపే చూస్తున్నవాణ్ని పట్టుకుంది. మెట్లు చూపించడం తప్ప ఇంకేం చేతకాని బూన్‌ని పట్టుకుంది. టైము అయిపోయిందని ఎర్రలైటు వెలిగింది. ఆ లైటు వెలిగించిన జడ్జీలనూ పట్టుకుంది. నిద్రపోతూ మార్కులు వేసి, మెలకువ రాగానే టీ అడుగుతారని పాడింది. జడ్జీలను తిట్టాక ఇక ఫైనల్ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

వాళ్లను నవ్వించాలని ఆవిడ పాడలేదు. వాళ్లంటే అసహ్యం వేసి పాడింది. ఒక్కొక్కరి మొహం చూసి, ఎక్కడ గుచ్చితే నొప్పెడుతుందో చూసి, అక్కడే గుచ్చింది. 'దయ లేదు' అని ఆవిడ అంటే 'దాక్షిణ్యం లేదు' అని మైదానమంతా అందుకుంది. చేతుల్లో చుట్టలున్న సంగతే మర్చిపోయారు. పాడాల్సిందంతా పాడి మైకు స్టాండులో పెట్టి, మెట్ల మీదుగా, తొందర పడకుండా దిగింది. బూన్ పక్కకు తప్పుకున్నాడు.

కారులో ఉర్సులా పక్కన కూర్చుని వెర్లిన్ వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఎందుకే ఏడుస్తావు? చివరిదాకా పాడావుగా?"

"దాన్ని తిట్టి దాన్ని పెద్దదాన్ని చేశానే. ఎలా నవ్వుతూ నిలబడిందో చూశావా?"

"చూశాను," అని ఉర్సులా కారు స్టార్ట్ చేసింది.

కార్నివాల్‌కి ఇంకా వారం ఉందనగా, ఆ సోమవారం షెడ్డు తలుపు తీసేసరికి బయట ఒకావిడ నిలబడి ఉంది. గులాబీ టోపీ! వెర్లిన్ జిగురు గన్ బల్ల మీద పెట్టి, దెబ్బలాటకు సిద్ధంగా చేతులు దులుపుకుంది.

"నువ్వేనా లేడీ కిరోసిన్?" అంది ఆవిడ, నడుం మీద చేతులు పెట్టుకుని. "నన్ను దేశమంతటి ముందూ అంత మాటంటావా?"

"అన్నాను. ఇంకా అనమంటావా?"

"మేం ఏడుగురం కాదు, ఐదుగురమే! అది సరిచెయ్యి. మిగతాదంతా బాగుంది." అని పళ్లన్నీ బయటపెట్టి, వెర్లిన్ మెడ చుట్టూ చెయ్యి వేసి ఫోనెత్తింది. "మా ఆడపడుచు చచ్చిపోతోంది కుళ్లుతో. మా వీధిలో నన్ను ఇప్పుడు అరటాకు అనే పిలుస్తున్నారు. టోపీ ఉంచుకోనా తీసెయ్యనా? ఉంచుకుంటేనే గుర్తుపడతారు, ఏమంటావ్?"

వెర్లిన్ ఆ ఫోటోలో నవ్వలేదు. ఆ మొహం ఇంకా బాగుందంది ఆవిడ. క్వామినా గదిలోంచి వచ్చి, కాసేపు నిలబడి చూసి, లోపలికెళ్లి తలుపు వెనక పోస్టరు మీంచి గొడుగు తీశాడు.

మధ్యాహ్నానికి బూన్ వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకునే వచ్చాడు.

"వెర్లిన్, సాయంత్రాలు చివరి పాట నీది. పాట కూడా అక్కర్లేదు. వచ్చి తిట్టు, చాలు. ముందు వరుస కావాలని పొద్దున్నుంచీ జనం ఫోన్లు. ముందు వరుసలో కూర్చుంటే తిడతావట కదా అంటున్నారు."

"నిన్ను కూడా తిడతాను."

"రోజూ తిట్టు తల్లీ. మెట్ల సంగతి మాత్రం వదలొద్దు. మా ఆవిడకు అదే నచ్చింది."

వెర్లిన్ జిగురు గన్ తీసుకుని నాలుగు రాళ్లు అంటించింది. రేడియోలో ఎవరో ఆమె పేరు చెబుతున్నారు, లేడీ కిరోసిన్, వెర్లిన్ ఒలివియెర్ అని పూర్తి పేరు. ఇన్నేళ్లూ ఆ పేరు వినాలని ఎంత కొట్టుకుందో! ఇప్పుడు వింటుంటే సంతోషం కంటే కసే ఎక్కువగా ఉంది. వీళ్లకు నేను ప్రేమగా పాడిన పాటలు అక్కర్లేకపోయాయి, తిట్టు కావాల్సొచ్చింది అనుకుంది. సరే, తిట్టే పెడదాం.

"వస్తాను," అంది బూన్‌తో, తలెత్తకుండా.

బుధవారం టెంట్ నిండిపోయింది. ముందు వరుసవాళ్లు పెళ్లికొచ్చినట్టు తయారై వచ్చారు. ఒకాయన కావాలనే రెండు రంగుల సాక్సులు వేసుకొచ్చాడు. వెర్లిన్ నల్లగౌను వేసుకుని, నవ్వు లేని మొహంతో వచ్చి, ఆ చివరనుంచి మొదలుపెట్టింది. సాక్సులాయన వంతు వచ్చినప్పుడు సాక్సుల జోలికే పోకుండా పళ్లను వెక్కిరించింది. హాలు దద్దరిల్లింది.

వరుస మధ్యలో డెజా కూర్చుని ఉంది. వెండి గౌను, పక్కన వీడియోవాడు, ఫోను సిద్ధం. తన వంతు దగ్గరికొస్తున్నకొద్దీ కుర్చీ అంచుకు జరిగింది. జుట్టు సర్దుకుంది. చెయ్యెత్తి ఊపింది.

"ఇదిగో, నేనిక్కడ ఆంటీ!"

హాలు అందుకుంది. "డెజా! డెజా!"

వెనకనుంచి బూన్ ఇంకో మైకులో అరిచాడు. "లేడీ! ఎవరొచ్చారో చూశావా? డెజా గారికి ఒక్క పద్యం! దయ లేకుండా!"

బ్యాండు బాణీ తిప్పి తిప్పి వాయిస్తోంది. వెర్లిన్ వేదిక అంచుకు వచ్చింది. లైటు కళ్లలో పడకుండా నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, వంగి, ఆ పిల్ల మొహంలోకి చాలాసేపు చూసింది. డెజా పెదాలు నవ్వుకు సిద్ధమై ఆగాయి.

"ఎవరో... తెలీదు," అంది వెర్లిన్ మైకులో.

అని, పక్క కుర్చీలో ఉన్న బట్టతల ఆయన మీదకు తిరిగింది. దోమ కూడా కాలు జారి పడే తల అని, రాత్రిపూట ఆ తల వెలుగుతోనే కరెంటు బిల్లు మిగులుస్తాడని పాడింది. జనం నవ్వులో ముందటి మాట కొట్టుకుపోయింది. ఆ బట్టతలాయన ఆనందం పట్టలేక, తెలియని మనిషని కూడా చూడకుండా డెజా భుజం మీద చరిచి, "విన్నావా? నా గురించే! నా గురించే!" అన్నాడు. ఎత్తిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక డెజా ఆ చేత్తో మళ్లీ జుట్టు సర్దుకుంది. వీడియోవాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

గురువారం కూడా వచ్చింది డెజా. ఈసారి ఎర్రగౌను వేసుకుని, వేదికకు ఆనుకుని ఉన్న కుర్చీలో కూర్చుంది. వెర్లిన్ ఆమెకు అటుపక్కనున్నవాణ్ని తిట్టింది, ఇటుపక్కనున్నదాన్ని తిట్టింది, ఇంటికెళ్లి అన్నం తింది.